ఉదయగిరి గోడ, ఆత్మకూరు కోడి

మీలో కాశీ చూసినవాళ్ళు ఉంటారు, కన్యాకుమారిలో సూర్యోదయానికి లేవలేక లేచినవాళ్ళు ఉంటారు. పాచి కోసం మూడు రోజులు ప్రయాణం చేసినవాళ్ళు మాత్రం ఉండరు. నేను చేశాను. అందుకే ఈ రాత. పుణ్యం ఏమీ దక్కలేదు కానీ, నడుంనొప్పీ అరడజను చెక్క గరిటెలూ దక్కాయి.

దీనికంతటికీ కారకుడు మా బావ శేషాచలం. మా అక్క మొగుడు. నెల్లూరులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాడు. జంతుశాస్త్రం చెప్పేవాళ్ళు పులుల మీదో పాముల మీదో పరిశోధన చేస్తే చెప్పుకోవడానికి బాగుంటుంది. ఈయన నీటి ఎలుగుబంటి మీద పడ్డాడు. పేరు విని బెదరకండి. ఆవగింజను అయిదు ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత ఉంటుందది. ఎనిమిది కాళ్ళు, కాళ్ళకు గోళ్ళు, అచ్చం ఎలుగుబంటి నడక. గోడల మీద పాచిలో కాపురం. పాచి ఎండితే అదీ ఎండి గింజలా ముడుచుకుంటుంది. మళ్ళీ నీళ్ళు తగిలితే ఆవులించి లేస్తుంది. ఈ సంగతి మా బావ పెళ్ళిళ్ళలో విస్తరి ముందు కూర్చున్నప్పుడు కూడా చెప్పేవాడు. ఆయన పక్కన కూర్చున్నవాళ్ళు పులుసన్నంతోనే లేచిపోయేవారు.

ఏడేళ్ళుగా ఆయన డాక్టరేటు కోసం జిల్లాలోని గోడలన్నీ గీకి ఏ జాతి ఎక్కడుందో పట్టిక వేశాడు. తొంభై ఆరులో ఎన్నికల డ్యూటీ ఉదయగిరిలో పడింది. మధ్యాహ్నం ఓటర్లు పలచబడ్డప్పుడు పోలింగు జరుగుతున్న బడి గోడ గీకాడు. ఆ పాచిలో దొరికింది, ఎక్కడా లేని జీవి. గోళ్ళ తీరు వేరు. గొంతులో తిండి నలిపే కడ్డీల వరుస వేరు. కొత్త జాతి అన్నాడు బావ. ఆయన పరిశోధన చూసే గైడు మాత్రం ఒప్పుకోలేదు.

"గోళ్ళూ గొంతూ చూసి జాతి చెప్పేయలేమయ్యా. ఒళ్ళు ఒక్కలాగే ఉండి గుడ్లు వేరుగా ఉండే జాతులున్నాయి. గుడ్డు చూపించు. బతికున్నవాటిని హైదరాబాదు పంపి జన్యువు చదివించు. డిసెంబరుతో నీ గడువు సరి. ఆ తర్వాత నన్ను అడగొద్దు."

బావ దగ్గర ఉన్న పాచి అంతా మైక్రోస్కోపు గాజుపలకల మీద అంటించడానికే అయిపోయింది. అందులో గుడ్డు ఒక్కటీ లేదు. అంటే ఏడేళ్ళ చదువూ ఉదయగిరిలో ఒక గోడ మీద ఉందన్నమాట.

తెనాలి నుంచి చుట్టపుచూపుగా వెళ్ళిన నన్ను అక్క వంటింట్లోకి లాగింది. "ఒరే తమ్ముడూ, నువ్వు తోడు వెళ్ళరా. ఆయన గోడ కనబడితే గీకుతాడు. కిందటిసారి కావలిలో ఎవరింటి వెనకగోడో గీకుతుంటే దొంగ అని పట్టుకున్నారు."

నేను హాస్యం రాసుకునేవాణ్ణి. ఇలాంటి పిలుపు కాదనడం వృత్తిద్రోహం.

ఎర్రబస్సులో కులాల చర్చ

తొంభై ఏడు సెప్టెంబరు. వానలు ఇంకా మొహం చూపించలేదు. బస్సులో మేమిద్దరం, దుప్పటిలో చుట్టిన మైక్రోస్కోపు. కండక్టరు దాన్ని కుట్టుమిషను అన్నాడు. కాదన్నాం. అయితే గ్రైండరన్నాడు. ఏదైనా లగేజీ కట్టాల్సిందేనన్నాడు. బావ దాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకునేసరికి టిక్కెట్టు కొట్టకుండా వదిలేశాడు.

పక్క సీటులో దుత్తలూరు రైతు ఒకాయన. తలకు తువ్వాలు, చేతిలో పురుగుమందు డబ్బా. మా బావ ఒళ్ళోని మూట చూడగానే అడిగాడు. "ఏంది సార్ అది?"

బావకు అదే చాలు. సంగం దాటేదాకా గోళ్ళ గురించి, నందిపాడు మలుపులు తెలియకుండా గొంతు గురించి చెప్పాడు. రైతు ఓపిగ్గా విన్నాడు.

"అది పంటను తింటాదా సార్?"

"తినదు."

"మనిషిని కుడతాదా?"

"పాపం, ఏమీ చేయదు."

"మరి దాని జోలికి మీరెందుకు పోతా ఉండారు?"

బావ మైక్రోస్కోపు మీది దుప్పటి సర్దాడు. "అది ఏ జాతో తేల్చాలి కదండీ."

"ఆవగింజలో అయిదో వంతు లేదు, దానికి గూడా జాతేనా!" రైతు పురుగుమందు డబ్బా ఈ మోకాలి మీది నుంచి ఆ మోకాలి మీదికి మార్చుకున్నాడు. "మా ఊళ్ళో ఉండేటియ్యే తేల్చలేక చస్తా ఉండాము."

బస్సంతా నవ్వింది. డ్రైవరు కూడా నవ్వాడు. ఆ నవ్వుకు బస్సు రోడ్డు దిగి తుమ్మచెట్టు దాకా వెళ్ళి వచ్చిందని నేను రాస్తే మీరు నమ్మరు. సగం నమ్మండి.

మధ్యలో ఆత్మకూరులో బస్సు అరగంట ఆగింది. ఎర్రకారం పూసిన దోశ తిన్నాం. నాలుగు రూపాయలు. మా తెనాలిలో దోశకు కారం పక్కన పెడతారు, నీ ధైర్యం నీది. ఇక్కడ దోశకే పూసేస్తారు, ఇక ధైర్యంతో పనిలేదు. రెండో ముక్కకు నాకు చెవుల్లో ఈలలు వినిపించాయి. హోటలాయన నా మొహం చూసి జాలిపడి, "ఇంగొంచెం వెయ్యమంటారా?" అన్నాడు. ఈ ప్రాంతంలో జాలి అలా ఉంటుంది.

ఉదయగిరిలో గరిటెల బజారు

ఊరికి కొండే గోడ. కొండ నెత్తిన కోట, నడుమ ఎక్కడో పాత మసీదు, కింద మనుషులు. సాయంత్రం ఎండలో కొండ ఎర్రగా కాలిన ఇనుములా ఉంది. బావ కొండను చూళ్ళేదు. లాడ్జి గోడను చూశాడు. "పెయింటు," అన్నాడు దిగులుగా.

ఆయన్ని గోడల నుంచి మళ్ళించడానికి బజారుకు తీసుకుపోయాను. ఇక్కడ చెక్కతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చేస్తారు. ఒక ముసలాయన అరుగు మీద కూర్చుని నార్ది అనే అడవిచెట్టు చెక్కను కాలి బొటనవేలితో బిగించి చెక్కుతున్నాడు. ఫోర్కు పళ్ళు ఎంత సన్నంగా చెక్కాడంటే, దాంతో దోమకు మీసాలు దువ్వవచ్చు. గరిటె ధర పదిహేను అన్నాడు. నేను బేరమాడి పన్నెండుకు తెచ్చి, ఆ విజయగర్వంలో ఆరు కొన్నాను. మా తెనాలిలో బేరం ముగిశాక ఇద్దరూ మొహాలు ముడుచుకుంటారు. ఈయన టీ తెప్పించాడు.

రాత్రి సంగటి, శనక్కాయల పచ్చడి. బావ తింటూ రేపటి పని చెప్పాడు. బడి పెద్దమ్మగారికి, అంటే హెడ్మిస్ట్రెస్‌కి, పదిహేను రోజుల ముందే ఉత్తరం రాశాడట. "మీ పాఠశాల తూర్పు గోడను శాస్త్రీయంగా పరిశీలించుటకు వచ్చుచున్నాను, సహకరించగలరు" అని. ఆవిడ వెంటనే జవాబు కూడా రాసిందట, అన్ని ఏర్పాట్లూ చేస్తున్నామని.

"చూశావా ఎంత మర్యాదో!" అన్నాడు బావ మురిసిపోతూ.

తెల్లగోడ

పొద్దున్నే బడికి వెళ్ళాం. మిషనువాళ్ళు ఏనాడో కట్టిన పాతబడి. గేటు దగ్గర పిల్లలు రెండు వరుసల్లో నిలబడి "గుడ్ మార్నింగ్ సార్" అని కొండ ప్రతిధ్వనించేలా అరిచారు. పెద్దమ్మగారు ఎస్తేరమ్మ టీచరు తెల్లచీర కట్టుకుని, చేతిలో బంతిపూల దండతో ఎదురొచ్చింది. దండ బావ మెడలో పడింది. నా మెడలో కూడా ఒకటి పడింది. నేను సహాయ ఎలుగుబంటి శాస్త్రవేత్తననుకుంది కాబోలు.

"రండి సార్, గోడ చూద్దురు గాని."

చూశాం.

అంత తెల్లటి గోడను నేను నా జన్మలో చూడలేదు. పాలల్లో ముంచి తీసినట్టు ఉంది. ఎండకు కళ్ళు చెదిరి చేతులు అడ్డం పెట్టుకున్నాను. కింద ఎర్రగీత కూడా కొట్టించారు.

బావ మెడలో దండతోనే నేల మీద చతికిలబడ్డాడు.

"ఏంది సార్, ఎండ తగిలిందా?" ఎస్తేరమ్మగారు కంగారుపడింది. "మీరు గోడ చూస్తారని రాస్తిరి గదా. పైనుంచి ఎవురన్నా వస్తా ఉండారంటే సున్నం కొట్టడం మాకు అలవాటు. పాచి పట్టి అసయ్యంగా ఉండె. వచ్చినోళ్ళకు చూపించాలంటే మాకు తలవంపులు గాదా! టీచర్లందరం చేతినించి వేసుకోని కొట్టించినాము."

నేనే విషయం చెప్పాల్సి వచ్చింది. ఆయన చూడ్డానికొచ్చింది గోడను కాదు, గోడ మీది పాచిని, పాచిలోని జీవిని, ఆ జీవి గుడ్డుని అని. ఆవిడ నోరు కొంగుతో మూసుకుంది. తర్వాత గట్టిగా కేకేసింది. "ఒరే దస్తగిరీ!"

సున్నం కొట్టిన దస్తగిరి వచ్చాడు. నడివయసువాడు, కనుబొమల్లో ఇంకా సున్నం ఉంది. మెచ్చుకోడానికి పిలిచారనుకున్నాడు.

"కత్తితో గీకినాను సార్, వైరు బ్రష్షుతో రుద్దినాను. రెండు కోట్లు కొట్టినాను. ఒక్క పురుగు బతికి ఉంటే నా పేరు మార్చుకుంటా!"

బావ నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది.

"గీకిన పాచి ఏం చేశావయ్యా?" అన్నాను.

"ఎండిపోయింది సార్, బూడిద మాదిరి. పారేస్తావుంటే మా బావ గుర్తుకొచ్చినాడు. ఆత్మకూరులో మొక్కలకు అంట్లు కడతాడు, ఖాదర్‌బాషా. కొమ్మకు చుట్టను పాచి కావాల గదా ఆయనకు. గోతాంలో కట్టి బస్సులో ఏసి పంపించినా."

బావ లేచి నిలబడ్డాడు. దండలోంచి రెండు పూలు రాలాయి. "ఎండిపోయిందా? ఎండితే చావదయ్యా అది!"

"పన్నెండు గంటలకు బస్సు ఉండాది," అంది ఎస్తేరమ్మగారు, హాజరుపట్టీ మూసి సహోపాధ్యాయినికి అప్పగిస్తూ. "నేనూ వస్తా ఉండా. మేము చేసిన తప్పు మేమే దిద్దుకోవాల."

ఆ పన్నెండు గంటల బస్సు మూడుకు వచ్చింది. ఆత్మకూరు చేరేసరికి ఖాదర్‌బాషా తోటకు తాళం. ఏ.ఎస్. పేట దర్గాకు మొక్కు తీర్చుకోడానికి పోయినారు, రేపు పొద్దున వస్తారు అన్నారు పక్కింటివాళ్ళు. బావ ఆ తాళాన్ని చూసిన చూపుకు అది కరగకపోవడం దాని గట్టితనం.

ఖాదర్‌బాషా తోట

రాత్రి ఆత్మకూరులోనే ఆగి, మూడో రోజు పొద్దున వెళ్ళేసరికి ఆయన దానిమ్మ చెట్ల మధ్య ఉన్నాడు. పొడుగ్గా, గడ్డం నెరిసి, చెవి మీద అంటుకత్తి పెట్టుకుని. చెట్టుకొమ్మలకు ప్లాస్టిక్ కాయితం మూటలు వేలాడుతున్నాయి. ఒక్కో మూటలో మా గోడ.

ఎస్తేరమ్మగారే కథంతా చెప్పింది. ఆయన తల ఊపుతూ విని, చివర్న అడ్డంగా ఊపాడు.

"కుదరదమ్మా. కట్టి పన్నెండు దినాలాయ. ఇప్పుడిప్పుడే లోపల ఏర్లు తొడుగుతా ఉండాయి. విప్పితే కొమ్మ ఎండిపోతాది."

"ఒక్క మూట," అన్నాడు బావ.

"ఒక కొమ్మయితే మాత్రం కొమ్మ గాదా సార్? అయినా మీకు జాతి తెలుస్తా ఉండాదంటిరే. గోళ్ళు చూసినారు, గొంతు చూసినారు. ఇంకా గుడ్డెందుకు?"

"మా గైడు నమ్మడు."

ఖాదర్‌బాషా మొహం మారింది. "ఆయన ఎవురో పనితనం తెలిసినోడే. నేనూ అంతే సార్. ఆకు చూసి ఇది ఫలానా జామ అని చెప్తా. నమ్మేది మాత్రం కాయ కాసినాకనే. ఆకు చూసి అమ్మితే, కాయ ఇంగోటి కాస్తే, కొన్నోడు నా గడ్డం పీకుతాడు." కాసేపు మూటల వంక చూశాడు. చెయ్యి చెవి మీది కత్తి దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. "లేదు సార్. బతికేదాన్ని చంపలేను."

బావ తోట గేటు దగ్గర రాయి మీద కూర్చుని చెప్పులు దులుపుకోవడం మొదలుపెట్టాడు. ఏడేళ్ళు ఆ చెప్పుల్లోంచి రాలుతున్నాయి. నాకు కూడా ఒక్క జోకు తోచలేదు. అది నా జీవితంలో మొదటిసారి.

అప్పుడు ఇంట్లోంచి ఖాదర్‌బాషా భార్య మస్తాన్‌బీ టీలు తెచ్చింది. "ఆ ఎండిన పాచేనా మీరు అడిగేది? కొంచెం మిగిలితే నేను తీసి పెట్టినా."

బావ టీగ్లాసు నాకిచ్చి లేచాడు. "ఎక్కడమ్మా?"

"కోడి కింద."

కోడి భోజనవేళ

వరండా మూల వెడల్పాటి తట్ట. అందులో ఎర్రకోడి. పదకొండు గుడ్ల మీద, మహారాణి సింహాసనం మీద కూర్చున్నట్టు కూర్చుంది. గుడ్ల కింద, మెత్తగా పరిచిన మా ఉదయగిరి గోడ.

బావ చెయ్యి చాపాడు. కోడి పొడిచింది. మస్తాన్‌బీ ఆ చేతిని ఇంకాస్త గట్టిగా అవతలికి నెట్టింది.

"ముట్టుకోవాకండి! పొదిగేదాన్ని బెదరగొడితే మళ్ళా కూచోదు. గుడ్లన్నీ మురిగిపోతాయి. మీ గుడ్డు మీకెంతో నా గుడ్లు నాకంత."

బావ కోడి పొడిచిన వేలిని నోట్లో పెట్టుకున్నాడు.

"మరి అది దిగదా?" అన్నాను.

"దినానికి ఒక్కసారి దిగతాది. మధ్యాన్నం నమాజు అయినాక. గుప్పెడు గింజలు తిని, నీళ్ళు తాగి మళ్ళా ఎక్కుతాది. ఆ కాస్త సేపట్లో మీరు పాచి తీసుకుంటే తీసుకోండి. దాని బదులు ఊక పోయాల. చల్లటి ఊక గాదు, ఎండలో కాచిన ఊక."

ఆ రోజు ఆత్మకూరులో ఇద్దరు పట్టభద్రులూ ఒక ప్రధానోపాధ్యాయురాలూ చాప మీద ఊక ఎండబెట్టి, చేత్తో తిప్పుతూ, కోడికి ఆకలి ఎప్పుడేస్తుందా అని కాచుకున్నారు. గంటకు పదిసార్లు కోడి మెడ చాచేది. మేం ముగ్గురం లేచేవాళ్ళం. అది మళ్ళీ ముడుచుకునేది. మేం కూర్చునేవాళ్ళం. ఇలా మేం ఎన్నిసార్లు లేచామో లెక్కవేస్తే, కొండెక్కి కోట చూసివచ్చినంత శ్రమ అయ్యుంటుంది.

నమాజు పిలుపు వినిపించింది. నమాజు ముగిసింది. కోడి లేచి, ఒళ్ళు దులుపుకుని, తట్ట అంచు మీదెక్కి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసి, కిందికి దూకింది.

"కానియ్యండి!" అంది మస్తాన్‌బీ.

ఆవిడ గుడ్లు తీసి కొంగులో పెట్టుకుంది. నేను కొత్త చెక్కగరిటెతో పాచి తోడాను. బావ కాగితం సంచి పట్టాడు. రాలిన నలుసులను కూడా వేలికి అద్ది అందులో వేశాడు. ఎస్తేరమ్మగారు వేడి ఊక పోసి అరచేత్తో గుంట చేసింది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోందో ఊకను తిడుతోందో నేను అడగలేదు. గుడ్లు మళ్ళీ తట్టలోకి చేరాయి. అంతా కలిపి ఖాదర్‌బాషా బీడీ సగం కాలినంత సేపు.

కోడి తిరిగొచ్చింది. తట్ట చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. ఒక కన్నుతో చూసింది. మెడ తిప్పి రెండో కన్నుతో చూసింది. ఊకను ముక్కుతో ఒకసారి పొడిచింది. లోపలికి ఒక కాలు పెట్టి, తీసేసింది. మస్తాన్‌బీ మొహం పాలిపోయింది. బావ సంచి గుండెకు హత్తుకుని, ఆశ్చర్యం, సంచి వంక చూడట్లేదు. కోడి వంకే చూస్తున్నాడు.

"కూచో తల్లీ," అన్నాడు నెమ్మదిగా. "తప్పు మాది."

కోడి రెండో కాలు పెట్టింది. రెక్కలు పరిచింది. గుడ్లను ఒక్కొక్కటీ పొట్ట కిందికి నెట్టుకుని కూర్చుంది.

నేను గరిటెకు అంటిన పాచిని సంచిలోకి దులిపాను.

ఆవులింత

టీసాసర్లలో పాచి నానబోశాం. వరండా మెట్టు మీద మైక్రోస్కోపు పెట్టి అద్దం ఎండకు తిప్పాడు బావ. గంట గడిచింది. ఏమీ లేదు. మట్టి, ఇసక, ఒక కోడి ఈక పీచు. రెండో గంట.

"పన్నెండు దినాలు కోడి కింద ఉడికినాయి సార్," అన్నాడు ఖాదర్‌బాషా మెల్లగా. "ఆశ పెట్టుకోవాకండి."

బావ తల ఎత్తలేదు. కాసేపటికి ఒక వేలు ఎత్తాడు. మేం మెట్టు చుట్టూ మూగాం. "కాలు," అన్నాడు. "ఒక కాలు కదిలింది." ఆ తర్వాత, "రెండు." ఎనిమిది దాకా లెక్కపెట్టాడు. ఆయన గొంతు ఒక్కో కాలికీ ఒక్కో మెట్టు దిగిపోయింది.

ఎస్తేరమ్మగారు కన్ను పెట్టి చూసి లేచి నిలబడింది. "పునరుత్థానమే సార్ ఇది! మా దస్తగిరి పేరు మార్చుకోవాల్సిందే!"

గోళ్ళు అవే. గొంతులో కడ్డీలు అవే. గుడ్డు మాత్రం లేదు. సాసరు తర్వాత సాసరు చూశాడు. అయిదో సాసరు దగ్గర బావ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. మళ్ళీ తీసి తుడిచాడు. ఈసారి తుడిచింది అద్దాలను కాదు.

మాకందరికీ వరసగా చూపించాడు. గుండ్రటి గుడ్డు. దాని చుట్టూ ముళ్ళు, ఒక్కో ముల్లూ కొసన గొర్రెగిట్టలా రెండుగా చీలి.

"ఇదేంది, పల్లేరుకాయ మాదిరిగా ఉండాది!" అంది మస్తాన్‌బీ. "దీని కోసరమా మా కోడిని ఏడిపించింది?"

"ఏ పుస్తకంలోనూ ఇలాంటి గుడ్డు లేదమ్మా," అన్నాడు బావ.

ఖాదర్‌బాషా కూడా చూశాడు. చాలాసేపు చూశాడు. "కాయ కాసింది సార్," అన్నాడు. "ఇంగ జాతి చెప్పుకోవచ్చు."

సంతకం

బతికినవాటిని సీసాల్లో హైదరాబాదు పంపితే, అక్కడివాళ్ళు వందకు పైగా ఒకచోట నూరి జన్యువు చదివారు. దగ్గరి జాతితో పోల్చారు. కలవలేదు. డిసెంబరు దాటకుండానే గైడు ఒప్పుకున్నాడు.

మరుసటేడు మౌఖిక పరీక్షకు నేను కూడా వెళ్ళి వెనక కూర్చున్నాను. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు బక్కపలచటి పెద్దమనిషి. గోళ్ళ గురించి అడిగాడు. గొంతు గురించి, ముళ్ళ గురించి, జన్యువు గురించి అడిగాడు. బావ తడబడలేదు. అప్పుడాయన పేజీ తిప్పి ఆగాడు.

"సేకరించిన స్థలం అని ఉన్నచోట, 'ఉదయగిరి బడి గోడ' అని రాశారు. దాని కింద, 'ఆత్మకూరు, పొదిగే కోడి కింద' అని ఉంది. ఏమిటిది?"

గది గొల్లుమంది. గైడు నుదురు పట్టుకున్నాడు. ఆ ముక్క తీసెయ్యమని ఆయన నాలుగుసార్లు చెప్పాడట, బావ వినలేదట.

"దొరికింది అక్కడే సార్," అన్నాడు బావ.

పరీక్షకుడు నవ్వలేదు. "పొదిగే కోడి కింది నుంచి పాచి తీశారా? తర్వాత అది మళ్ళీ కూర్చుందా?"

"కూర్చుంది సార్."

"పిల్లలు?"

"పదకొండు గుడ్లకు పది సార్. ఖాదర్‌బాషాగారు కార్డు రాశారు."

ఆయన కలం మూత తీశాడు. "ఆ సంగతి కూడా ఆ పేజీలో చేర్చండి," అంటూ సంతకం పెట్టాడు.